విశ్వవిద్యాలయములును రహస్యములును

పరీక్షాఫలితములు వెలువడు దినమున మన యిండ్లలో జరుగునది చదువరులందఱు ఎఱిగినదే. పిల్లవాడో పిల్లయో సంవత్సరమంతయు చదివి, మూడేసి గంటలు కదలక కూర్చుండి, పుటలకు పుటలు నింపి వచ్చును. కొన్ని వారములు గడచిన పిమ్మట ఒక అంకె వచ్చును. ఆ అంకె యెట్లు వచ్చినదో తండ్రికి తెలియదు, తల్లికి తెలియదు, వ్రాసిన బిడ్డకును తెలియదు. బాగుగ వ్రాసితినని బిడ్డ కంటతడి పెట్టినచో, మన ప్రాప్తమింతేనని పెద్దలు సమాధానపడుదురు. వ్యాజ్యమున ఓడినవానికి తీర్పు నకలు దొరకును. శిస్తు కట్టినవానికి రసీదు దొరకును. పరీక్ష వ్రాసినవానికి మాత్రము, దిద్దబడిన తన కాగితమును తాను చూచుకొను హక్కు మన దేశమున నూటయేబది సంవత్సరములకు పైగా లేకుండెను.

ఈ యాచారము ఎట్లు పుట్టినది, ఎవరి మేలు కొఱకు నిలిచినది, ఎట్లు సడలినది, నేడు మరల ఏ రూపమున బిగియుచున్నది యను విషయములను విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము. విశ్వవిద్యాలయము తన పత్రములలో దేనిని దాచవచ్చును, దేనిని దాచరాదు అను ప్రశ్న న్యాయవాదులకు మాత్రమే చెందినది కాదు. బిడ్డలను చదివించు ప్రతి గృహస్థునకును అది చెందును.

1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు మూడు విశ్వవిద్యాలయములు స్థాపింపబడెను. లండను విశ్వవిద్యాలయము వానికి మాదిరి. నేడు విశ్వవిద్యాలయమనగా మనకు ఆచార్యులు, తరగతిగదులు, గ్రంథాలయములు, ప్రయోగశాలలు తోచును. నాడు చదువు చెప్పుట కళాశాలల పని. పరీక్ష పెట్టి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయపు పని. రాజమహేంద్రవరముననో బందరుననో చదివిన తెలుగు విద్యార్థికి మద్రాసు విశ్వవిద్యాలయముతోడి పరిచయము పరీక్ష మూలముననే కలుగుచుండెను.

పరీక్షయే ప్రాణముగా గల సంస్థకు పరీక్షారహస్యమే మొదటి రహస్యమగుట సహజము. కాని ఆ రహస్యమున రెండు వేఱువేఱు వస్తువులు కలిసియున్నవి. ప్రశ్నపత్రము పరీక్షకు ముందు బయటపడకూడదు. కాగితమును దిద్దువాని పేరు వ్రాసినవానికి తెలియకూడదు. వ్రాసినవాని పేరు దిద్దువానికి తెలియకూడదు. సిఫారసులకు, లంచములకు, బెదిరింపులకు దారి మూయుటకై యేర్పడిన కట్టుబాట్లివి. వీనివలన బీదవాని బిడ్డకును కలవాని బిడ్డకును సమానమైన న్యాయము జరుగును. ఇది మొదటి వస్తువు. పరీక్ష ముగిసి, కాగితము దిద్దబడి, ఫలితము ప్రకటింపబడిన పిమ్మట సయితము ఆ కాగితమును వ్రాసినవానికే చూపకుండుట రెండవది. దీనివలన విద్యార్థికి కలుగు మేలేమియు కానరాదు. కూడికలో తప్పు చేసినవానికిని, ఒక జవాబును దిద్దక విడిచినవానికిని మాత్రమే ఇది రక్ష. చేనికి కట్టిన కంచెను చూపి కంచెయే చేను మేయుటను సమర్థించినట్లు, మొదటి రహస్యపు మంచిపేరును అడ్డము పెట్టుకొని రెండవ రహస్యము చిరకాలము బ్రదికినది.

మఱియొక సంగతి కూడ గమనింపదగినది. ఆ కాలమున విశ్వవిద్యాలయములు అన్నియు దాచినవి కావు. ఎవరు ఏ సంవత్సరమున ఏ పట్టమును పొందిరో వారి పేర్లను తమ కాలెండరులయందు అచ్చు వేయించెడివి. పట్టప్రదానోత్సవము బహిరంగసభయందే జరుగుచుండెను. పట్టమనగా లోకము నెదుట ఇచ్చిన మాట. ఆ మాట ఎవరికి ఇయ్యబడెనో లోకము తెలిసికొనవచ్చునని నాటి పెద్దల భావము. ఈ సంగతిని మనస్సునందుంచుకొనిన యెడల, మన కాలపు వివాదములను గుఱించి చెప్పబోవునది సులభముగా బోధపడును.

విశ్వవిద్యాలయపు రహస్యము ఒంటరిగా పెరిగినది కాదు. ప్రభుత్వపు రహస్యము నీడలో పెరిగినది. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము, రాజ్యవ్యవహారములకు సంబంధించిన ప్రకటింపని పత్రములను న్యాయస్థానమునందు సయితము చూపకుండుటకు అధికారులకు వీలు కల్పించెను. 1889లో అధికార రహస్యముల చట్టము వచ్చెను. లార్డు కర్జను కాలమున, 1904లో, దానిని మఱింత కఠినము చేసిరి. ఆ 1904వ సంవత్సరమే ఇండియను యూనివర్సిటీల చట్టమును కూడ చేసిరి. సెనేటులయందు ప్రభుత్వము నియమించినవారే అధికసంఖ్యాకులగునట్లు ఈ చట్టము ఏర్పాటు చేసెను. 1903 డిసెంబరు మాసమున ఈ రెండు బిల్లులును శాసనసభ యెదుట నుండగా, గోపాలకృష్ణ గోఖలేగారు రెంటిని కూడ ఎదిర్చి ప్రసంగించిరి. ప్రభుత్వపు కాగితములను ప్రజల కంటికి మఱుగుచేయు చట్టమును, విశ్వవిద్యాలయమును ప్రభుత్వపు చేతిక్రిందికి తెచ్చు చట్టమును ఒకే చేయి ఒకే కాలమున వ్రాసినవని మనము మఱువరాదు. 1923లో అధికార రహస్యముల చట్టమును తిరుగ వ్రాసిరి. అది నేరుగా జవాబుపత్రములను గుఱించినది కాదు. కాని కచేరిలోని కాగితము కచేరిదే, అడిగినవాడు అనుమానింపదగినవాడు అను బుద్ధి గుమాస్తా మొదలు రిజిష్ట్రారు వఱకు అందఱికిని అలవాటయ్యెను.

లోపలి చర్చ బయటికి వచ్చినచో విశ్వవిద్యాలయము చెడునని చెప్పువారికి మన తెలుగుదేశపు చరిత్రయే ఒక సమాధానమిచ్చుచున్నది. విద్యార్థులు తెలుగు వ్యాసములను ఏ భాషలో వ్రాయవలెనను వివాదము మద్రాసు విశ్వవిద్యాలయమున జరిగినప్పుడు, గురజాడ అప్పారావుగారు సంఘములోని పెద్దల యభిప్రాయముతో ఏకీభవింపక, 1914లో తమ అసమ్మతిపత్రమును సవిస్తరముగ వ్రాసి సమర్పించిరి. నాటికి వాదమున వారి పక్షము నెగ్గలేదు. మఱుసటి సంవత్సరమే వారు కీర్తిశేషులైరి. కాని ఆ పత్రము అచ్చుపడుటచేత తెలుగువారి చేతికి వచ్చెను. నేడు తెలుగు వచనచరిత్ర వ్రాయువాడు దానిని విడిచి వ్రాయజాలడు. అది ఒక దస్త్రమున కట్టబడి చెదలకు ఆహారమైయున్నచో, ఓడిన పక్షము ఏమి చెప్పినదో మనకు తెలియకుండెడిది. గెలిచిన పక్షమునకును తన వాదమును తిరుగ పరీక్షించుకొను అవకాశము లేకుండెడిది. సంఘమునందలి భిన్నాభిప్రాయము వెలికి వచ్చుటవలన విశ్వవిద్యాలయము చెడలేదు, భాష బాగుపడినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కూడ పాత చట్టములు నిలిచియే యుండెను. న్యాయస్థానములు మాత్రము మెల్లమెల్లగ త్రోవ మార్చినవి. 1975లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వమునకును రాజ్ నారాయణ్‌గారికిని జరిగిన వ్యాజ్యమున, ప్రజలపేర జరుగు ప్రతి కార్యమును తెలిసికొను హక్కు ప్రజలకు కలదని సుప్రీంకోర్టు న్యాయమూర్తి కె. కె. మాథ్యూగారు చెప్పిరి. 1981లో న్యాయమూర్తుల నియామకములను గుఱించిన వ్యాజ్యమునందు ఆ సూత్రము మఱింత బలపడినది. ఐనను ఆ వెలుగు పరీక్షల గదిలోనికి ప్రసరింపలేదు. మహారాష్ట్రమున సెకండరీ విద్యాబోర్డు, జవాబుపత్రములను విద్యార్థులు చూడరాదని నియమము చేసియుండగా, బొంబాయి హైకోర్టు ఆ నియమమును కొట్టివేసెను. 1984లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి నియమమును నిలబెట్టెను. విద్యావిషయముల అనుభవము గల సంస్థ ఆలోచించి చేసిన నియమమును న్యాయస్థానము తన యభిప్రాయమునకు తగినట్లు మార్చరాదని ఆ తీర్పు సారాంశము. నాటినుండి ఇరువదియేడు సంవత్సరములు విశ్వవిద్యాలయములు ఈ తీర్పునే డాలుగ పట్టుకొనినవి.

ఈ డాలును ఛేదించిన శక్తి విశ్వవిద్యాలయములనుండి రాలేదు, పండితులనుండియు రాలేదు. రాజస్థానమున కరవుపనులు చేసిన కూలివాండ్రనుండి వచ్చినది. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంస్థ, గ్రామములయందు కూలిపట్టీలను, ఖర్చుల బిల్లులను చూపుడని అడిగెను. 1994 డిసెంబరు మొదలు గ్రామసభలలో ఆ లెక్కలను బిగ్గరగ చదివించెను. పని చేయనివారి పేర కూలి వ్రాసియుండుటయు, కట్టని కట్టడములకు డబ్బు చెల్లించియుండుటయు బయటపడెను. 1996లో బ్యావర్ పట్టణమున నలువది దినములు ధర్నా చేసిరి. చదువురాని స్త్రీలు సయితము ఆ ధర్నాలో కూర్చుండి, మా డబ్బు, మా లెక్క అని అడిగిరి. 1997లో తమిళనాడు, గోవా రాష్ట్రములును, తరువాత మఱికొన్ని రాష్ట్రములును సమాచారము నొసగు చట్టములను చేసినవి. 2002లో పార్లమెంటు ఒక చట్టము చేసినను అది అమలునకు రాలేదు. తుదకు 2005వ సంవత్సరమున సమాచార హక్కు చట్టమై, ఆ యేడు అక్టోబరు 12వ తేదీనుండి సంపూర్ణముగ అమలునకు వచ్చెను. కూలివాడు తన దినకూలి లెక్క చూచుకొనుటకై తెఱచిన ద్వారముననే విద్యార్థి తన మార్కుల లెక్క చూచుకొనుటకు ప్రవేశించెను.

ఈ చట్టము పాత బుద్ధిని తలక్రిందులు చేసినది. అడుగువాడు కారణము చెప్పనక్కఱలేదు. నిరాకరించు అధికారియే కారణము చెప్పవలెను. పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టినచో ముప్పది దినములలో ప్రత్యుత్తరమియ్యవలెను. తగిన కారణము లేక ఆలస్యము చేసిన అధికారికి దినమునకు 250 రూపాయల వంతున, 25,000 రూపాయలకు మించకుండ, జుల్మానా విధింపవచ్చును. ప్రభుత్వము స్థాపించినట్టియు, ప్రభుత్వధనముతో ముఖ్యముగ నడచునట్టియు విశ్వవిద్యాలయములన్నియు దీనికి లోబడినవే. ఎవరు అడుగకముందే తన జమాఖర్చులను, అధికారాలను, నియమములను ప్రకటించుట కూడ వాని విధియే.

అట్లని ఈ చట్టము సర్వమును బట్టబయలు చేయుమనలేదు. ఎనిమిదవ ప్రకరణమున కొన్ని మినహాయింపులను ఏర్పఱచినది. వానిలో విశ్వవిద్యాలయమునకు సంబంధించినవి ముఖ్యముగ ఐదు. వ్యాపారరహస్యములును, పరిశోధనలవలన పుట్టు మేధాసంపత్తియు మొదటివి: పేటెంటు పొందకముందే ఒక ప్రయోగఫలితమును అడిగినవాని కెల్ల ఇచ్చినచో పరిశోధకుని శ్రమ పరులపాలగును. విశ్వాసబద్ధమైన సంబంధమువలన, అనగా ధర్మకర్తవలె నమ్మకముపై తనయొద్ద నుంచుకొనిన సమాచారము రెండవది. ఒకని ప్రాణమునకో దేహమునకో అపాయము తెచ్చు సమాచారము మూడవది. జరుగుచున్న నేరవిచారణకు అడ్డుతగులునది నాలుగవది: ప్రశ్నపత్రము వెల్లడియైనదని విచారించుచుండగా ఆ దస్త్రమును బయటపెట్టుట దొంగకు దీపము పట్టుటయే యగును. వ్యక్తిగత సమాచారము ఐదవది. ఈ మినహాయింపులకు కూడ చట్టము హద్దులు పెట్టినది. చూపుటవలని హానికంటె చూపుటవలని ప్రజాహితము మిన్నయైనచో చూపవలెను. దాచదగిన భాగమును తొలగించి మిగిలిన భాగమును ఇయ్యవలెను. ఇరువదియేండ్లు గడచిన సంగతులయందు ఈ మినహాయింపులలో పెక్కు వర్తింపవు.

చట్టము వచ్చినను జవాబుపత్రము వెంటనే బయటికి రాలేదు. విశ్వవిద్యాలయములు రెండవ మినహాయింపును ఆశ్రయించెను. జవాబుపత్రములను తాము నమ్మకముపై ఉంచుకొనినవారమని వాని వాదము. 2007లో కేంద్ర సమాచార కమిషను సయితము, లక్షలకొలది విద్యార్థులకు పరీక్షలు జరుపు సంస్థలు దిద్దిన పత్రములను చూపనక్కఱలేదని నిర్ణయించెను. ఈ దశలో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము చదివిన ఒక విద్యార్థి తన జవాబుపత్రమును చూపుమని కలకత్తా విశ్వవిద్యాలయమును అడిగెను. విశ్వవిద్యాలయము కాదనెను. విద్యార్థి హైకోర్టునకు పోయెను. 2008 మార్చిలో ఏకన్యాయమూర్తియు, 2009 ఫిబ్రవరిలో ఇరువురు న్యాయమూర్తుల ధర్మాసనమును విద్యార్థి పక్షముననే తీర్పు చెప్పిరి. 1857లో పుట్టిన విశ్వవిద్యాలయము, పరీక్షయే పరమార్థముగ బ్రదికిన విశ్వవిద్యాలయము, తన కాగితమును చూపుమన్న ఒక్క విద్యార్థిపై సుప్రీంకోర్టు వఱకు పోయెను.

కేంద్ర సెకండరీ విద్యాబోర్డు మొదలైన మఱికొన్ని సంస్థల అప్పీళ్ళతో కలిపి దీనిని విచారించి, 2011 ఆగస్టు 9వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. దిద్దబడిన జవాబుపత్రము విద్యార్థి వ్రాతయే కాదు, పరీక్షకుని యభిప్రాయమును అందులో చేరియున్నది. కావున అది చట్టము చెప్పిన సమాచారమే యని నిర్ణయించిరి. ధర్మకర్త వాదమునకు వారిచ్చిన సమాధానము మన గృహస్థులకు సులభముగా బోధపడును. పరీక్షాసంస్థకును విద్యార్థికిని అట్టి సంబంధము లేదు. ఉన్నదని యొప్పుకొనినను, ఎవని మేలుకై సొత్తును ఉంచుకొనెనో వానికే దానిని చూపననుట ధర్మకర్తకు చెల్లదు. మైనరు ఆస్తిని కాపాడు పెద్దమనిషి, ఆ బాలుడు పెద్దవాడై లెక్క అడుగగా, నేను నమ్మకముపై ఉంచుకొనినవాడను గనుక నీకే చెప్పనన్నచో మనమొప్పుకొందుమా? 1984 నాటి తీర్పు ఇపుడేమగునని అడుగగా, అప్పటికి ఈ చట్టము లేదు, ఈ చట్టము దానికి విరుద్ధములైన నియమములకంటె బలవత్తరమైనదని చెప్పిరి.

ఆ తీర్పు పాత రహస్యములోని రెండు పాళ్ళను విడదీసినది. పత్రమును చూపవలెను, దిద్దినవాని పేరు, సంతకము, సంకేతసంఖ్య కనబడరాదు. దిద్దినవానికి హాని కలుగవచ్చునను మూడవ మినహాయింపు ఇక్కడ వర్తించును. 2016లో కేరళ పబ్లిక్ సర్వీసు కమిషను వ్యాజ్యమున కూడ సుప్రీంకోర్టు ఈ మాటనే తిరుగ చెప్పినది. కంచె నిలిచినది, మేయుట మానినది. పత్రములను దాచియుంచు గడువు లోపలనే ఈ హక్కు చెల్లుననియు, చూచినంతమాత్రమున తిరుగ దిద్దించుకొను హక్కు దానినుండి పుట్టదనియు కూడ 2011 తీర్పున కలదు. పనిలేని అర్జీలతో కచేరీలను ముంచివేయరాదని న్యాయమూర్తులు హెచ్చరించిరి. ఆ హెచ్చరిక న్యాయమైనదే. కాని ఆ తీర్పు వచ్చిన పిమ్మట, విశ్వవిద్యాలయములు భయపడినట్లు పరీక్షావ్యవస్థ కూలిపోలేదు. పరీక్షలు నడచుచునే యున్నవి.

తలుపు తెఱచిన పిమ్మట గడప యెత్తు పెంచిన సంస్థలును లేకపోలేదు. ఒక్కొక్క పత్రపు నకలుకు వందలకొలది రూపాయలు అడిగినవి కలవు. ఒక జాతీయ వృత్తివిద్యాసంస్థ 500 రూపాయలు నిర్ణయింపగా వివాదము పుట్టెను. 2019లో సుప్రీంకోర్టు, సంస్థ నియమముల ప్రకారము అడుగుటయా, సమాచార హక్కు చట్టము క్రింద అడుగుటయా యనునది విద్యార్థి యిష్టమనియు, చట్టము క్రింద అడిగినవానికి ఆ చట్టపు రుసుమే వర్తించుననియు చెప్పెను. కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము అది పుటకు రెండు రూపాయలు. ఐదువందలకును, పుటకు రెండు రూపాయలకును గల భేదము బీదవాని యింట హక్కునకును ఆశకును గల భేదము.

ఇదంతయు కేవలము కాగితపు చూపు కొఱకు ఇంత గొడవయా యని యెవరైన అడుగవచ్చును. విశ్వవిద్యాలయము కాకున్నను, పరీక్షలు జరుపు సంస్థయే యైన తెలంగాణ ఇంటర్మీడియెట్ బోర్డు చరిత్రనుండి దానికి సమాధానము చెప్పెదను. 2019 ఏప్రిలులో ఆ బోర్డు ఫలితములు ప్రకటించినప్పుడు లెక్కల తప్పులు పెక్కు బయటపడెను. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్న వేసియుండిరి. ఆ దినములలో ఇరువదిమందికి పైగా బాలబాలికలు ప్రాణములు తీసికొనిరి. తుదకు ప్రభుత్వము, తప్పినవారి పత్రములన్నిటిని రుసుము లేకయే తిరుగ పరిశీలింపుడని ఆజ్ఞాపింపగా, 1,137 మంది ఉత్తీర్ణులని తేలెను. ఆ పసిబిడ్డల మరణములకు కారణమిదియొక్కటేయని నేను చెప్పబోను. బిడ్డ విలువను మార్కులతో తూచు మన గృహములకును అందు పాలు కలదు. కాని పత్రమును చూచుట సులభమనియు, తప్పు దిద్దబడుననియు ఇంటింట తెలిసియున్నచో, అంకె వెలువడిన రాత్రి తల్లి బిడ్డతో చెప్పుటకు ఒక మాట యుండెడిది: రేపు పోయి చూతము.

ఇపుడు ఐదవ మినహాయింపునకు, అనగా వ్యక్తిగత సమాచారమునకు, వచ్చెదము. ఇది నిజముగ కాపాడదగిన వస్తువు. విద్యార్థిని చిరునామా, ఫోను సంఖ్య, వైద్యపత్రములు, వసతిగృహపు వివరములు అడిగినవాని కెల్ల ఇయ్యదగినవి కావని ఆడబిడ్డలు గల గృహస్థునకు చెప్పనక్కఱలేదు. గోప్యత ప్రాథమికహక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నిర్ణయించినది కూడ. 2005 నాటి చట్టమునందు దీనికొక త్రాసు కలదు: ప్రజాకార్యముతో సంబంధము లేనిదియు, గోప్యతకు నిష్కారణముగ భంగము కలిగించునదియు నైన వ్యక్తిగత సమాచారమును మాత్రమే నిరాకరింపవచ్చును, అధికప్రజాహితమున్నచో అదియును ఇయ్యవలెను. 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఆ వాక్యమును మార్చినది. 2025 నవంబరునుండి ఆ మార్పు అమలునకు వచ్చెను. కొత్త వాక్యమున వ్యక్తిగత సమాచారమునకు సంబంధించిన సమాచారము అని మాత్రమే కలదు. త్రాసును ఆ వాక్యమునుండి తీసివేసిరి. ప్రజాహితమును గుఱించిన సామాన్యనిబంధన మఱియొక చోట మిగిలియున్నది. కాని దానిని నిరూపించు బరువు ఇక అడుగువాని మెడపై పడునని నా భయము.

ఇందువలన విశ్వవిద్యాలయమున ఏమి మారును? ఆచార్యుని నియామకమున ఎవరికి ఏ యర్హతలున్నవి, ప్రవేశములయందు ఎవరికి ఏ మార్కులకు స్థానము దొరికినది, రిజర్వేషను స్థానములు ఎవరితో నింపబడినవి అని అడిగినచో, ప్రతి ప్రశ్నయందును ఒక వ్యక్తి పేరుండును. పేరున్నది గనుక వ్యక్తిగతమనుటకు అధికారికి వీలు చిక్కెను. అన్యాయము జరిగినపుడు అది యెప్పుడును ఒక వ్యక్తికి లాభముగను వేఱొక వ్యక్తికి నష్టముగను జరుగును; పేరు లేని అన్యాయము లోకమున లేదు.

పట్టములను గుఱించిన వివాదము దీనికి పూర్వమే వచ్చినది. 1978లో బి.ఏ. ఉత్తీర్ణులైనవారి పట్టికలను చూపుమని 2016 డిసెంబరులో కేంద్ర సమాచార కమిషను ఢిల్లీ విశ్వవిద్యాలయమును ఆజ్ఞాపింపగా, ఆ విశ్వవిద్యాలయము హైకోర్టునకు పోయెను. 2025 ఆగస్టు 25వ తేదీన హైకోర్టు కమిషను ఆజ్ఞను రద్దుచేసెను. విద్యార్హతలును మార్కులును వ్యక్తిగతములనియు, వానిని విశ్వవిద్యాలయము విశ్వాసబద్ధమై ఉంచుకొనుననియు తీర్పు చెప్పెను. ఒకని మార్కులపట్టిక వాని సొంతమనుటలో న్యాయము కలదు. కాని ఒకడు పట్టము పొందెనా లేదా యనునది అట్టిది కాదని నా మనవి. పందొమ్మిదవ శతాబ్దమున విశ్వవిద్యాలయములు తామే అచ్చువేసి లోకమునకు చాటిన సంగతి, ఇరువదియొకటవ శతాబ్దమున గోప్యమగుట విచిత్రము. పట్టమును సభలో ఇచ్చి, ఇచ్చితినో లేదో చెప్పననుట పెండ్లి పందిట చేసి, పెండ్లి జరిగినదా యని అడిగినవానితో అది మా యింటి గుట్టనుట వంటిది.

ఈ చరిత్రనుండి నాకు ఒక సూత్రము దొరకుచున్నది. దాచుట యెప్పుడును తప్పు కాదు, చూపుట యెప్పుడును ఒప్పు కాదు. ప్రతి మఱుగునకును ముందు ఇట్లు ప్రశ్నింపవలెను: ఇది ఎవరిని కాపాడుచున్నది? ప్రశ్నపత్రపు ముద్ర విద్యార్థులందఱిని కాపాడును; ఉండవలెను. పరీక్షకుని పేరు దాచుట ఒక బలహీనుని బలవంతులనుండి కాపాడును, ఉండవలెను. విద్యార్థిని చిరునామా దాచుట ఆమెను కాపాడును, తప్పక ఉండవలెను. సంస్థను దాని తప్పునుండి కాపాడు మఱుగు మాత్రము, ఎంత గౌరవమైన పేరు పెట్టుకొని వచ్చినను, తొలగవలెను. చట్టములోని మాటలు మారుచుండును. ఈ ప్రశ్న అడుగువారు ఇంటింట నున్నచో మినహాయింపు మినహాయింపుగనే యుండును. లేనిచో మినహాయింపే నియమమగును.

కావున చదువరులు, ముఖ్యముగ తల్లులు, ఒక్క పని చేయవలెనని నా ప్రార్థన. ఫలితము వచ్చినపుడు బిడ్డను నిందింపకముందు ఆ కాగితమును అడుగుడు. పత్రములను దాచు గడువు దాటకముందే అడుగుడు. అది వచ్చినపుడు బిడ్డను ప్రక్కను కూర్చుండబెట్టుకొని పుట వెంట పుట చూడుడు. తప్పు పరీక్షకునిదైనచో దిద్దించుటకు త్రోవ వెదకవచ్చును. బిడ్డదైనచో ఎచ్చట తప్పెనో బిడ్డకు తెలియును. ఇట్లు చూచుకొనుటకు మన దేశపు విద్యార్థి 1857 మొదలు 2011 వఱకు వేచియుండెను. అంత కాలమునకు చేతికి వచ్చిన హక్కును వాడక విడిచినచో, దానిని మరల తీసికొనుటకు ఎవరును చట్టము చేయనక్కఱలేదు.